వీపు చూపిన కొంగలు

కొండకు ఇవతలి చెరువులో సింగారి అనే బాతు ఉండేది. కొండ అవతలి కొంగలు ఒట్టి పొగరుబోతులని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగింది. ఒక ఏడు వానల్లేక చెరువు ఎండిపోయేసరికి, వేరే దారిలేక ఆ కొంగల మడుగుకే ఎగిరింది.

విన్నదంతా నిజమేననిపించింది. సింగారి నీళ్లలో దిగిందో లేదో, కొంగలన్నీ గిరుక్కున తిరిగి వీపులు చూపించాయి. అంత ఆకలిలోనూ దానికి ముద్ద దిగలేదు.

"వచ్చినదాని ముఖమైనా చూడరా అక్కా, మీ ఊళ్లో?" అని ఓ ముసలి కొంగను నిలదీసింది.

కొంగ తల తిప్పకుండానే అంది: "నీ ముఖం చూస్తూ కూర్చుంటే గద్దను ఎవరు చూస్తారమ్మా? చుట్టం తింటున్నంతసేపూ మేం బయటికే చూస్తాం. నువ్వు తలొంచుకుని హాయిగా తిను."

సింగారి ఆ పూట కడుపునిండా తింది.

వానలు పడ్డాక సొంత చెరువుకు తిరిగొచ్చింది. ఓ సాయంత్రం మేనత్త కూతురు పిల్లలతో చుట్టపుచూపుగా దిగింది. బాతులన్నీ చుట్టూ మూగి ఒకటే కబుర్లు. సింగారి ఒక్కతే గట్టెక్కి, వాళ్లకు వీపు పెట్టి, ఆకాశంకేసి చూస్తూ నిలబడింది.

"చూశారటర్రా, నాలుగు రోజులు పరాయి నీళ్లు తాగొచ్చి దీనికెంత పొగరొచ్చిందో!" అంది ఆ గుంపులోంచి మేనత్త.

సింగారికి జవాబు నోటిదాకా వచ్చింది. కానీ పిల్లలింకా తింటున్నాయి. అది తల తిప్పలేదు.