నాలుగో ఐసోమర్

"ఎన్ని?" త్రిమూర్తులు సార్ మళ్ళీ అడిగాడు.

"నాలుగండి," అంది దివ్య.

బెత్తం ఆమె వేళ్ళ మీద పడింది.

రాజోలులోని ఆ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ అంటే త్రిమూర్తులే. బ్యూటీన్‌కి ఐసోమర్లు, అంటే అవే పరమాణువుల వేరువేరు అమరికలు, మూడని ఆయన నోట్సులో అచ్చయి ఉంది. టూ-బ్యూటీన్‌ని ఆయన ఒకటిగానే లెక్కేశాడు. అందులో సిస్ వేరు, ట్రాన్స్ వేరు అని దివ్య లేచి చెప్పింది. ఆమె చెప్పింది నిజమని ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. కానీ క్లాసులో అరవై మంది చూస్తున్నారు.

బెత్తం విరిగాక చేత్తో కొట్టాడు. దివ్య తల బెంచీ అంచుకి తగిలింది. ఎడమ చెవిలోంచి రక్తం మెడ మీదికి కారింది. అయినా ఆమె మూడు అనలేదు.

అమలాపురం ఆస్పత్రిలో చెవిపొర చిరిగిందన్నారు. సాయంత్రం త్రిమూర్తులు పళ్ళసంచితో వచ్చాడు. దివ్య తల్లి కుమారి తలుపుకి అడ్డంగా నిలబడింది. సంచి లాక్కుని ఆయన మొహాన కొట్టింది. కమలాపళ్ళు మెట్ల మీద దొర్లాయి.

తాత బంగారయ్య మంచం పక్కనే కూర్చున్నాడు. గోదావరి పాయలో వలేసి బతికిన మనిషి, చదువు రాదు. దేనికి కొట్టాడో చెప్పమన్నాడు. దివ్య దుప్పటి మీద అగ్గిపుల్లలు పేర్చింది. జంటపుల్లలు చివర ఉంటే ఒకటి. పక్కకి కొమ్మ వస్తే ఇంకొకటి. జంట నడుమ ఉండి, రెండు కొసలూ ఒకేవైపు తిరిగితే మూడోది. చెరోవైపు తిరిగితే నాలుగోది.

ముసలాయన చాలాసేపు చూశాడు.

"నాలుగే కదమ్మా," అన్నాడు.

మర్నాడు తెడ్డు భుజాన వేసుకుని నేరుగా క్లాసులోకి వచ్చాడు. మొదటి దెబ్బకే త్రిమూర్తులు కుడి చెయ్యి విరిగింది. ఆ చప్పుడు వెనక బెంచీదాకా వినబడింది. రెండో దెబ్బ వీపు మీద పడింది.

"నాలుగూ గియ్యి," అన్నాడు బంగారయ్య.

ఆ సార్‌తో ఏకవచనంలో మాట్లాడినవాణ్ణి పిల్లలు ఎన్నడూ చూడలేదు. త్రిమూర్తులు ఎడంచేత్తో సుద్దముక్క తీసుకున్నాడు. మూడు గీశాక చెయ్యి ఆగిపోయింది. తెడ్డు మళ్ళీ లేచింది. నాలుగోది గీశాడు.

బంగారయ్య ఒక్కో బొమ్మనీ దగ్గరికెళ్ళి చూశాడు. తెడ్డు పడేసి, పోలీసులు వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాడు. వాళ్ళు ఎంత అడిగినా పేరు తప్ప ఇంకేమీ చెప్పలేదు.

చేతికి కట్టు వేయించుకుని స్టేషన్‌కి వచ్చిన త్రిమూర్తులు, కేసు వద్దని ఎస్సైకి చెప్పాడు. ఎస్సై ఆశ్చర్యపోయాడు.

"చెయ్యి విరక్కొట్టేడు కదండీ. ఆ పిల్ల తరఫువాళ్ళు రేపు మీ ఇంటిమీదకొస్తే ఏం చేస్తారండి?"

త్రిమూర్తులు కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆయన మా నాన్నండి, ఆ పిల్ల నా కూతురు."