కిరణ్‌కు అంటిన మసి

"అమ్మా, కిరణ్ వచ్చింది!" అని వాకిట్లోంచి కేకేశాడు ఓబుళేశు.

వాళ్లమ్మ నాగలక్ష్మమ్మకు 'కిరాణం వచ్చింది' అని వినబడింది. సంచీ, చేటా పట్టుకుని పరుగున వచ్చింది. కొరియర్ పెట్టె విప్పి చూస్తే పప్పు లేదు, చింతపండు లేదు. అన్నీ ప్లాస్టిక్ ముక్కలు.

"కందిబేడలు యాడరా?"

"కిరాణం కాదుమా, కిరణ్! మిలిటరీ పైలట్లకు మొదట ఈ విమానంలోనే నేర్పిస్తారు. దాని అచ్చు బొమ్మ ఇది. ముక్కలు అతికించి రంగెయ్యాల."

"అంటే బడి విమానమా? తలకాయ నెరిసిపాయ, ఇంగా బడి ఇడిసిపెట్టవా నువ్వు!"

ఓబుళేశుకు ఉద్యోగం కరెంటు ఆఫీసులో. షాక్ కొట్టేది మాత్రం పక్కింటి ముస్తాక్ వల్ల. ముస్తాక్‌కు కర్నూలు బజార్లో కళ్లజోళ్ల దుకాణం. ఊరందరి చూపూ బాగుచేస్తాడు. ఓబుళేశుకు మాత్రం కంట్లో నలుసు. ఎందుకంటే ఇద్దరిదీ ఒకే పిచ్చి. ఏటా జరిగే బొమ్మ విమానాల పోటీలో మొదటి బహుమతి ముస్తాక్‌ది, రెండోది ఓబుళేశుది. విమానం ఇద్దరిదీ. బహుమానం అతనిది, అవమానం ఇతనిది.

ఈసారి పోటీ కిరణ్ మీదే. గెలిచిన బొమ్మను, చేసినవాడి పేరుతో సహా, ఓర్వకల్లు విమానాశ్రయంలో గాజు పెట్టెలో పెడతారట. ఊరేమో ఓర్వకల్లు. ఓబుళేశువేమో ఓర్వని కళ్లు.

కర్నూలు ఎండకు స్ప్రే గన్నులోంచి బయల్దేరిన రంగు విమానాన్ని చేరేలోపే ఎండిపోయి, రెక్కల మీద బొంబాయి రవ్వలా రాలేది. గీకాడు. మళ్లీ కొట్టాడు. రంగు పక్కకు పాకకుండా అంటించిన మాస్కింగ్ టేపు పీకితే, నారింజ రంగు తెలుపులోకి పాకనే పాకింది. మళ్లీ గీకాడు. మధ్యమధ్య మిద్దెక్కి, పిట్టగోడ మీదుగా పక్కింటి మిద్దెను చూసేవాడు. అక్కడ ముస్తాక్ తడిగుడ్డలు వేలాడదీసి, వాటి చల్లదనంలో పొద్దున్నే తీరిగ్గా రంగు కొట్టుకుంటున్నాడు. అతని నారింజ పట్టీ పెళ్లికొడుకు పాపిడంత తిన్నగా వచ్చింది. ఓబుళేశు కడుపు మండింది. ఆ మంట మీద ఓ పూట వంట అయిపోయేది.

"ఏమన్నా, నీది యాడిదంకా వచ్చె?" అని గోడ అవతలి నుంచి పలకరించాడు ముస్తాక్.

"అంటిస్తాండా."

"నా దగ్గర ఉప్పు కాగితం మిగిలింది, కావాల్నా? బాగా నున్నగా వస్తాది."

పుండు మీద కారం చల్లేవాళ్లను చూశాం, వీడు ఏకంగా ఉప్పు కాగితమే ఇస్తానంటున్నాడు అనుకున్నాడు ఓబుళేశు. పైకి మాత్రం, "వద్దులేప్పా, నా గరుకు నాకుండనీ," అన్నాడు.

పోటీ రోజు తల్లీకొడుకులు కూడా ముస్తాక్ కారులోనే బయల్దేరారు. పొద్దున్నే వేసిన ఆఖరి పూత ఇంకా పచ్చిగా ఉందని రెండు విమానాలనూ మూతల్లేని అట్టపెట్టెల్లో ఉంచి, వెనకసీట్లో నాగలక్ష్మమ్మ ఒళ్లో పెట్టారు. ముందుసీట్లో ఓబుళేశు మెడ ముందుకు నిలిస్తే ఒట్టు. తన బొమ్మ వైపు ఒక చూపు, ముస్తాక్ బొమ్మ వైపు పది.

"మెడ పట్టేస్తాది, ముందుకు తిరుగు నాయనా," అంది తల్లి. తిరిగాడు. మళ్లీ వెనక్కి తిరిగాడు.

హాల్లో బల్లల మీద సర్దుతుంటే ఓబుళేశుకు కనబడింది. ముస్తాక్ విమానం తోక కింద, పొగగొట్టం అంచున, నల్లటి మరక! అంత తెల్లటి ఒంటి మీద అంత నల్లటి మచ్చ. ముస్తాక్ చూసుకోలేదు.

చెబుదామా? చెబితే తుడిచేసుకుంటాడు. తుడుచుకుంటే గెలిచేస్తాడు. ఓబుళేశు తన నోటికే మాస్కింగ్ టేపు వేసుకున్నాడు. ఆ సంతోషంలో ముస్తాక్‌కు టీ కూడా తెచ్చిచ్చాడు.

న్యాయనిర్ణేత వైమానిక దళంలో పైలట్లకు శిక్షణ ఇచ్చి రిటైరైన పెద్దమనిషి. భూతద్దంతో ఒక్కో బొమ్మా చూస్తూ వచ్చి, ముస్తాక్ విమానం తోక దగ్గర ఆగిపోయాడు. ఓబుళేశు గుండె టేకాఫ్ అయింది.

"భేష్!" అన్నాడాయన. "మిగతావన్నీ పెట్టెలోంచి తీసినట్టున్నాయి. ఇదొక్కటే ఆకాశంలోంచి దిగినట్టుంది. నేను నడిపిన కిరణ్‌కు సరిగ్గా ఇక్కడే, ఇట్లాగే మసి పట్టేది. మొదటి బహుమతి దీనికే!"

మరకకు మార్కులు పడ్డాయి. ఓబుళేశు గుండె రన్‌వే దాటి కందకంలో పడింది.

ముస్తాక్ మాత్రం వంగి చూసి తెల్లబోయాడు. "సార్, అబద్ధం చెప్పలేను. ఈ మసి నేను పుయ్యలేదు. ఎవరో పూసినారు."

హాలంతా ఓబుళేశు వైపు తిరిగింది. పొద్దుటి నుంచీ ఆ బల్ల చుట్టూ తిరుగుతున్నది అతనొక్కడే మరి.

"చెడగొట్టాలనే పూసింటాడు!" అన్నాడు ఏటా మూడో బహుమతితో సరిపెట్టుకునే గిడ్డయ్య, గోలీసోడా కొట్టినంత సంబరంగా.

"నేను కాదప్పా! మా అమ్మ మీద ఒట్టు!" ఓబుళేశు ముస్తాక్ చెయ్యి పట్టుకున్నాడు. "ముస్తాకూ, నువ్వన్నా చెప్పు, నేనట్లాంటోన్నా?"

"నువ్వు ముందే చూసినావు గదన్నా ఈ మరక? అందుకేనా టీ తెచ్చిస్తివి?" అని మెల్లగా అడిగాడు ముస్తాక్.

ఓబుళేశు తన ఖాళీ అట్టపెట్టె అందుకున్నాడు. విమానంతో వచ్చినవాడు అనుమానంతో ఇంటికి పోయేట్టున్నాడు.

"ఎవరు పూశారో తేలేదాకా బహుమతి లేదు," అన్నాడు న్యాయనిర్ణేత.

అప్పుడు వెనక కుర్చీలోంచి నాగలక్ష్మమ్మ లేచి, హాలు మొత్తానికీ వినబడేలా చెప్పింది:

"మావాన్ని ఏమీ అనొద్దండి సామీ, కారులో వాడు ముస్తాకు ఇమానాన్ని చూసే చూపు చూసి, నా కొడుకు దిష్టి తగిలి అది యాడ ఇరిగిపోతాదో అని, నా కంటి కాటిక తీసి చుక్క పెట్టింది నేనే!"