రెండో కొస

ఆ అక్టోబరులో ఒదీల్ పెల్తియే చేతిలో ఉన్నవి ఇవి: పన్నెండడుగుల సిమెంటు పలకలు డెబ్బై ఎనిమిది, నిచ్చెనలు రెండు, మంచు పడేలోగా పది రోజులు.

లేనిదల్లా పలకకు రెండో కొస పట్టుకునే మనిషి.

గాలివాన ఇంటి పడమటి గోడ మీది పాత చెక్కలన్నిటినీ ఊడ్చుకుపోయింది. ఆ గోడ వెనక గదిలోనే ఆమె భర్త జెరార్ మంచం పట్టి ఉన్నాడు.

“గోడ మూయకుండా మంచు పడిందంటే ఆయన్ని ఇక్కడ ఉంచలేం. ఆసుపత్రికి తీసుకెళ్లిపోతాం,” అంది నర్సు.

“నేను ఇక్కడే పోతాను, ఒదీల్,” అన్నాడు జెరార్. అంతకుమించి అతను అడిగిందేమీ లేదు.

అవి బంగాళాదుంపల తవ్వకం రోజులు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరాన ఆ మూడు వారాలూ బడులే మూసేస్తారు. చేతులున్న ప్రతివాడూ పొలంలోనే ఉంటాడు.

అలాంటప్పుడు మేకులు కొనడానికి, ఇంటిని ఆనుకునే ఉన్న ఒదీల్ ఇనప సామాన్ల కొట్టుకు వచ్చాడు ఆల్టన్ స్ప్రేగ్. డెబ్బై దాటిన మనిషి. ఆ ఊళ్లో అతన్ని ఎవరూ ఎరగరు.

ఊడిన గోడను చూశాడు.

“పలకలు నేను కొడతాను, మేడమ్.”

“మీతో ఇంకెవరున్నారు?”

“ఇవి ఉన్నాయి.” జేబులోంచి రెండు ఇనప కొక్కేలు తీసి చూపించాడు.

ఒదీల్ ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతోంది. మనిషిని చూడగానే వెల కట్టేస్తుంది. కూలీ ఇంకొకరితో పంచుకోవడం ఇష్టంలేని పిసినారి అనుకుంది.

అయినా వేరే దారి లేక పని అప్పజెప్పింది.

ఆల్టన్ కొక్కేలను కింది పలకకు తగిలించి, వాటి మీద పై పలకను కూర్చోబెట్టేవాడు. ఇద్దరు పట్టుకున్నట్టే పలక కదలకుండా నిలిచేది. అప్పుడు మేకు కొట్టేవాడు. ఎత్తు పెరిగాక చూరుకు కప్పీ కట్టి, పలకను తాడుతో పైకి లాగేవాడు.

పని చక్కగా ఉంది. కానీ నెమ్మది.

రెండో రోజు ఒదీల్ ఉండబట్టలేక వచ్చింది.

“ఆ కొస నేను పట్టుకుంటాను.”

“వద్దు, మేడమ్.”

“నేనేమన్నా గాజుబొమ్మనా? పెయింటు డబ్బాలు మోసిన చేతులివి.”

“నా పలక కింద ఎవరూ నిలబడకూడదు. రెండో నిచ్చెన మీదా వద్దు.”

“పలకలు నావండీ!”

ఆల్టన్ నవ్వలేదు. వెళ్లి తాడు ముడి సరిచూసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రానికి సగం గోడ అయింది. అప్పుడే రేడియోలో చెప్పారు, మంచు రెండు రోజులు ముందే వస్తోందని.

“ఇంకా ఎన్నాళ్లు?” అడిగింది ఒదీల్.

“ఐదు రోజులు. పైకి పోయేకొద్దీ ఆలస్యం.”

“మంచుకూ ఐదు రోజులే ఉంది. ఒక్క పూట అటూ ఇటూ అయితే?”

ఆల్టన్ తాడు చుట్టుకుంటున్నాడు. పక్కనే నిలబడ్డ మరిది రెనాల్డ్ ఊరుకోలేదు.

“గోడకు పలకలు కొడుతున్నాడా, స్వెట్టర్ అల్లుతున్నాడా? వదినా, నేను దుంపలు మానేసి ఇంకొకణ్ణి వెంటబెట్టుకొస్తా. చెరో కొస పట్టుకున్నామంటే రెండు రోజుల్లో గోడ పూర్తి.”

ఒదీల్ మూడు రోజుల కూలీ ఆల్టన్ చేతిలో పెట్టింది. అతను లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకుని, కొక్కేలూ కప్పీ కిటికీ గట్టు మీద ఉంచాడు.

“ఇవి మీవి కదా?”

“ఉంచండి. రేపు గాలి ఉంటుంది.”

“మాకు మనుషులున్నారు.”

“అందుకే,” అన్నాడు ఆల్టన్.

మర్నాడు పదింటికి గాలి లేచింది. నిచ్చెనల మీద ఇద్దరి మధ్యా పలక తెరచాపలా తిరిగింది. వదిలేయాల్సిన కొసను రెనాల్డ్ వదల్లేదు, పలక పగిలిపోతుందని పట్టుకున్నాడు. పలకతోపాటే కింద పడ్డాడు.

తుంటి విరిగింది. ప్రాణం దక్కింది.

రెండోవాడు మళ్లీ నిచ్చెన ఎక్కనని దుంపలకు వెళ్లిపోయాడు.

మర్నాడు కొక్కేలు తీసుకుని ఒదీలే ఎక్కింది. మొదటి పలకకు గంట పట్టింది. పదో పలకకు పావుగంట చాలింది. కొక్కేలు అలిసిపోలేదు, తొందరపెట్టలేదు, ఏమరుపాటుగా వదిలేయలేదు. ఆమె పని మొదలుపెట్టిన నాలుగో రోజు సాయంత్రం ఆఖరి మేకు కొడుతుంటే ఆమె మణికట్టు మీద మంచు రాలింది.

జెరార్ జనవరిలో పోయాడు. తన గదిలో, తన మంచం మీద.

లెక్క చూసుకుంటే ఆమెకు దక్కినవి తక్కువేమీ కాదు: నిలిచిన గోడ, భర్తతో ఆఖరి మూడు నెలలు, కుంటుతూనైనా తిరుగుతున్న మరిది.

మంచు కరిగాక కొక్కేలను గుడ్డలో చుట్టుకుని, మేకుల బిల్లు మీదున్న చిరునామా వెతుక్కుంటూ అరవై మైళ్లు దక్షిణానికి వెళ్లింది.

తలుపు తీసిన స్త్రీ ఆల్టన్ కూతురు, మావిస్.

“నాన్న ఫిబ్రవరిలో పోయారండీ.”

ఒదీల్ గడప దగ్గరే గుడ్డ మూట విప్పింది.

“క్షమించమని అడుగుదామని వచ్చానమ్మా. అంత మంచి పనివాణ్ణి మధ్యలో పంపేశాను.”

“పనివాడా? నాన్న బడిలో లెక్కలు చెప్పేవారు. సుత్తి పట్టడం నేర్చుకుంది మా తమ్ముడు పోయాకే.”

“మరి ఈ కొక్కేలు?”

మావిస్ వాటిని చేతిలోకి తీసుకుంది.

“ఇవి మా ఇంటికి పలకలు కొట్టడానికి ఒంటరిగా వచ్చిన ఒకాయనవి. మంచు వచ్చేస్తోంది, నువ్వు నెమ్మది అని నాన్న ఆయన్ని పంపేసి, రెండో కొస తమ్ముడి చేతికిచ్చారు.”