మెట్ల మీది గొంతు

"పాపను దించండి! ముందు కిందికి దించండి!"

టాన్సీ కుర్చీ తోసేసి పరుగెత్తింది.

బుట్టలో పడుకోబెట్టిన తన కూతురు హేజెల్‌ను అప్పటికే భుజాన వేసుకుంది ఎవరో ముసలావిడ. కాళ్ళకు బురద బూట్లు. చేతిలో గుడ్డ చుట్టిన డబ్బా.

"గుక్కపెట్టి ఏడుస్తుంటే చూస్తూ నిలబడనా?"

"చేతులు కడుక్కున్నారా?"

"ఎనిమిది మందిని మోసిన చేతులు తల్లీ. ఒక్కరూ చావలేదు."

టాన్సీ పాపను లాక్కుంది. పొద్దుట్నుంచి హేజెల్ ఒళ్ళు వెచ్చగా ఉంది. అప్పటికి పదిసార్లు తడిమి చూసింది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక వెంట తెచ్చుకుంది.

నాష్‌విల్‌లో ఒక పాత చెక్క ఇంట్లో ఉన్న పాటల స్టూడియో అది. గుమ్మం దగ్గర కూర్చుని ఎవరినీ లోపలికి పోనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం.

ఇవాళ అసలే పోనివ్వకూడదు.

పదకొండేళ్ళ తర్వాత గాయని ఆర్డిత్ స్టాలర్డ్ ఆల్బమ్ చేస్తోంది. పదకొండు పాటలు పూర్తయ్యాయి. పన్నెండోది, ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట, కుదరడం లేదు. దానికి రెండో గొంతు కావాలి. ముగ్గురు వచ్చి పాడారు. ముగ్గురికీ ఆర్డిత్ ఒకటే మాట చెప్పింది.

"బంగారం లాంటి గొంతమ్మా. అతకలేదు."

సాయంత్రం అయిదులోగా ఆ పాట రాకపోతే ఆల్బమే వద్దంది కంపెనీ. డెబ్భై మూడేళ్ళ మనిషికి ఇంకో అవకాశం ఎవరిస్తారు?

"ఎవరు కావాలి మామ్మా?"

"ఆర్డిత్."

"అందరికీ ఆవిడే కావాలి. కుదరదు."

"చూడక్కర్లేదులే. ఈ కేకు ఇచ్చి పోతాను. నాలుగున్నరకు నా బస్సు."

అంతలో ఎర్ర బల్బు వెలిగింది. లోపల పాట మొదలైంది. హేజెల్ మళ్ళీ నోరు తెరిచింది.

టాన్సీ పాలసీసా అందుకుంది. ఏడుపు లోపలికి వినబడిందా, పాటా పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

"మామ్మా, కాస్త ఎత్తుకుని అవతలికి తీసుకెళ్ళండి. పాలు వెచ్చబెట్టి వస్తా."

"ఇప్పుడు చేతులు కడుక్కోనా?"

"మామ్మా, మీకు దణ్ణం పెడతా!"

సీసా పట్టుకుని తిరిగొచ్చిన టాన్సీకి ప్రాణం పోయినట్టయింది.

ముసలావిడ మెట్ల మీద కూర్చుంది.

ఆ స్టూడియోలో గొంతుకు మారుమోగే గుణం ఆ చెక్కమెట్లతోనే వస్తుంది. లోపలి పాటను మెట్ల కింద స్పీకరులో వినిపిస్తారు. మెట్ల పైన వేలాడే మైకు దాన్ని మళ్ళీ పట్టుకుంటుంది. ఎర్ర బల్బు వెలిగితే అక్కడ పిల్లి కూడా తిరగకూడదు. కొత్తవాళ్ళకు ముందు చెప్పే మాటే అది. టాన్సీ మరిచిపోయింది.

హేజెల్ నిద్రపోయింది. స్పీకరులో ఆర్డిత్ పాడుతోంది. ముసలావిడ కళ్ళు మూసుకుని, ఆ పాటకు ఒక స్థాయి పైన, మాటల్లేకుండా సన్నగా కూనిరాగం తీస్తోంది.

పాట ముగిసింది. బల్బు ఆరింది. తలుపు తోసుకుని రికార్డింగు చూసే రాయ్స్ బయటికొచ్చాడు.

"మెట్ల మీద ఎవరు? ఆర్డిత్‌గారు ఇంత బాగా పాడింది ఇవాళే! మొత్తం పాడుచేశారు!"

"ఎవరో ముసలావిడండీ... నాకు తెలీదు..."

"పంపెయ్ బయటికి!"

ముసలావిడ లేచింది. పాపను టాన్సీ చేతిలో పెట్టింది.

"పళ్ళొస్తున్నాయి తల్లీ, జ్వరం కాదు. భయపడకు."

డబ్బా బల్ల మీద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

తెరిచిన తలుపులోంచి ఆర్డిత్ గొంతు వినిపించింది.

"రాయ్స్, దాన్ని మళ్ళీ వినిపించు."

"చెరిపేస్తున్నానండీ. ఇంకొక్కసారి పాడదాం."

"చెరిపావంటే వేళ్ళు విరుస్తా. వినిపించరా!"

విన్నారు. ఒక గొంతు ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ అందుకుందో ఎవరికీ తెలియలేదు. ఫిడేలు వాయించే పెద్దాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. రాయ్స్ నేల మీదే కూర్చుండిపోయాడు.

గోడ గడియారంలో నాలుగూ ఇరవై ఎనిమిది.

"ఎటు వెళ్ళింది?" ఆర్డిత్ చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకేసి బయటికి వచ్చింది.

టాన్సీ పాపను ఎత్తుకునే పరుగెత్తింది. ఆమె వీధి చివరకు చేరేసరికి బస్సు మలుపు తిరుగుతోంది.

తిరిగొచ్చి ఏడ్చేసింది. "నేనే పంపేశానండీ."

ఆర్డిత్ డబ్బా విప్పింది. ఎండు ఆపిల్ ముద్ద పూసి అట్టు మీద అట్టు పేర్చిన కేకు. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తర్వాత పగలబడి నవ్వింది. కళ్ళు మాత్రం తడిసిపోయాయి.

"అడుగట్టు ఇప్పటికీ మాడుస్తూనే ఉంది!"

"ఆవిడ మీకు తెలుసా?" అన్నాడు రాయ్స్.

"ఆల్బమ్ కవరు అచ్చు ఆపించు."

మర్నాడు పొద్దున్నే ఆర్డిత్ తనే కారు నడుపుకుంటూ కెంటకీ కొండలకు బయల్దేరింది. నాలుగో రోజున తిరిగొచ్చింది, బూట్లకు బురదతో.

ఆల్బమ్ ఇంకా దుకాణాలకు చేరకముందే ఆ పాట రేడియోలో మొదటి స్థానానికి ఎక్కింది. చివర్లో హేజెల్ నిద్రలో వదిలిన నిట్టూర్పు కూడా అందులో ఉంది. తీసేద్దామన్నాడు రాయ్స్. ఆర్డిత్ ఒప్పుకోలేదు.

టాన్సీ బల్ల మీద ఫోను ఆగడం లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఆ పై గొంతు ఎవరిది?"

"తెలీదండీ."

ఆల్బమ్‌ల అట్టపెట్టెలు వచ్చిన రోజున మొదటిది టాన్సీయే కోసింది. యాభై ఏళ్ళుగా ఆర్డిత్ కవర్ల మీద ఒక్క పేరే ఉండేది. దీని మీద రెండున్నాయి. చదివి, పాపను గుండెకు హత్తుకుంది.

మళ్ళీ ఫోను మోగింది.

ఈసారి ఆమె కవరు మీద ఉన్నది ఉన్నట్టు, వీధి దాకా వినబడేలా చదివింది.

"వెస్టా స్టాలర్డ్, ఆమె చెల్లెలు ఆర్డిత్."