పొత్తిగుడ్డ

తవిటమ్మ రాసిన ఒక్క అంకె తన కూతురి బతుకు నాశనం చేసిందని ముత్యాలుకు కడుపుమంట. బరంపురం నుంచి బస్సు దిగి, కూతురు హేమను ఇంటి దగ్గర వదిలి, తిన్నగా ఆ పాత అంగన్‌వాడీ కార్యకర్త గుమ్మం ముందు నిలబడ్డాడు. మడతలు పడ్డ కార్డు చాచాడు.

"ఇదేటప్పా? పిల్ల పుట్టినప్పుడు రెండున్నర కిలోలని రాసినావు!"

"తూగింది రాసినాను." తవిటమ్మ చేటలోంచి తలెత్తలేదు.

"డాక్టరుబాబు నమ్మనేదు. ఒడియాలో మూడుసార్లు అడిగినాడు. పదిహేనేళ్ళ పిల్లకి అంత బీపీ ఏటి, కిడ్నీలు అంత సిన్నవేటి అని. బరువు తక్కువ పుట్టినోళ్ళకి ఇలాగవుద్దట. కార్డులో సరిగ్గా ఉంటే ఏటేటా సూసి మందులిచ్చేవోరట. నానేమో పిల్ల పొట్టిగా ఉంటే మాయమ్మ పోలికని మురిసినాను."

చేట ఆగింది.

"ఆ రోజు గుడ్డ ఇప్పి తూస్తానన్నాను. పిల్లకి గాలి సోకుద్ది, ముట్టుకుంటే ఊరుకోనని అరిసింది నువ్వు కాదేటి?"

"పొత్తిగుడ్డ ఎంత తూగుద్దప్పా? నూరు గ్రాములు! సేపలు తూసి బతికేవోడిని, నాకు సెప్తావా?"

"నీకెప్పుడూ ఎవుల్నో ఒకల్ని ఆడిపోసుకోవాలి. ఆ వారమే తూకం రాయి పోయిందని ఈదంతా దొంగల్ని సేసినావు. ఇయ్యాల నా వంతు."

"ఎల్దాం రా! ఆ గుడ్డ ఇంట్లోనే ఉంది. నీ ముందే తూస్తాను."

ముత్యాలు ఇంటి అరుగు మీద హేమ ఉబ్బిన పాదాలు చాపుకుని కూర్చుంది. మాత్ర మింగి, తవిటమ్మను చూసి నవ్వింది.

"మామ్మా, ఇలా కూకో. అయ్య కోపం నీకు తెలిసిందే కదా."

లోపల ముత్యాలు పెట్టె అడుగు దాకా వెతికి పొత్తిగుడ్డ తీశాడు. భార్య వరలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

"అదిప్పకు. పసిపిల్లకి దిష్టి తగలకుండా పుట్టిన రోజే మీయమ్మ గుడ్డ మూల ఇనుం ముక్కెట్టి ముడేసింది. సచ్చేదాకా ఎవుల్నీ ముట్టనీనేదు."

"ఇప్పను. తూస్తానంతే."

పాత చీర ముక్క చిన్న మూటలా ఉంది. చేపల త్రాసు మీద పెట్టాడు. అంకెలు గిరగిరా తిరిగి ఆగాయి.

"ఆరు వందల గ్రాములు," అంది తవిటమ్మ. ఆమె గొంతులో గెలుపు లేదు. "అంటే పిల్ల రెండు కిలోలు కూడా..."

ముత్యాలు వినలేదు. ముడి విప్పాడు.

లోపల అతని అర కిలో తూకం రాయి ఉంది.