ప్లేటులో పెరగనిది

"క్రిములు లేవని మూడుసార్లు రాసిచ్చింది నువ్వేగా?" అడిగింది తల్లి.

ల్యాబులో పనిచేసే కూతురు మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. "నాన్న రక్తం క్రిముల్ని పెంచే ప్లేటులో వేసి చూశానమ్మా, ఏమీ పెరగలేదు. ఇది బతికున్న కణంలోనే పెరిగే రకమని నాకు తట్టలేదు."

"మరి తెల్లకణాలు దాన్ని మింగెయ్యవా?"

"మింగాయి. దానికి కావలసిందీ అదే. లోపల తిష్ఠ వేసి, సూదిలాంటి గొట్టంతో కణానికే దాన్ని లొంగదీసే తన సరుకు ఎక్కించింది. ఇప్పుడా కణం దాన్ని చంపదు, కూర్చోబెట్టి మేపుతుంది."

"డాక్టరుగారేమంటున్నారు?"

"మందు ఇవాళే మొదలుపెట్టారు. ఆలస్యమైందన్నారు."

"అయితే ముందు ఆ పాడు కణాల్నే చంపెయ్యమను!"

కూతురు పక్కకి జరిగింది. తల్లి ఒక కన్ను మూసుకుని లోపలికి చూసింది. గుండ్రటి కణం, దాని కడుపులో ఊదారంగు చుక్కల గుత్తి.

"ఆ కణం నాన్నేనమ్మా," అంది కూతురు.