దింపుడుకళ్లం

చీకటి పడ్డాక మారేడ్‌పల్లి స్టూడియోలో వేణుమాధవ్ ఒక్కడే ఉన్నాడు. పొద్దున వీరయ్య వాయించిన డప్పు రికార్డింగును ముక్కలు ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు మోగాలో కంప్యూటర్ ఇష్టానికే వదిలేశాడు.

"సావుడప్పు మాత్రం సావులేని ఇంట్ల కొట్ట సార్," అన్నాడు వీరయ్య అప్పుడు.

"నీ పాత దరువులు ఎవనికి గావాలె? ముక్కలియ్యి చాలు, కొత్తది మిషినే పుట్టిస్తది," అని ఈసడించాడు వేణు.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో ఆ ముక్కలే ఒక్కొక్కటిగా సర్దుకుని సావుడప్పు అయ్యాయి.

"థూ, మిషిన్‌కు సుత గదే మోటుబుద్ధి!" అనుకున్నాడు.

డప్పు టక్కున ఆగింది. దింపుడుకళ్లంలో పాడె దించి, ప్రాణముందేమోనని శవం చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచేటప్పుడు ఆగుతుందే, అలా.

"వేణూ," అని కుడిచెవిలో ఎవరో ఏడుస్తూ పిలిచారు.

మూడుసార్లు పిలిచారు. పలుకుదామంటే అతనికి నోరు పెగల్లేదు.